నిండిన డబ్బా

దెయ్యాలు, ఆత్మలు ఉన్నాయంటే నేను ఈ రోజుకీ ఒప్పుకోను. జిల్లా పరిషత్ బడిలో భౌతికశాస్త్రం చెప్తాను. ఒకసారి వెనక గదిలో ఏదో మూలుగుతోందని పిల్లలు బెదిరిపోతే, వారం రోజులు ఆ గదిలోనే కూర్చోబెట్టి పాఠం చెప్పాను. మూలిగింది పగిలిన నీళ్ళ పైపు. ఇప్పుడు నేనే ఇలాంటిది రాస్తే ముందు ఆటపట్టించేది మా బడి వాళ్ళే. అయినా జరిగింది జరిగినట్టు రాసి పెట్టుకోవాలనిపించింది.

మాది దేవరకద్ర. రైల్వే స్టేషన్ నుంచి బయటికి రాగానే ఎదురుగా రేకుల కప్పుతో ఉండిన కిరాణం మాదే. మా తాత పెట్టాడు. అప్పుడు చిన్న పట్టాలు, బొగ్గు ఇంజను. మొదట ఉప్పు, బెల్లం, దీపాలకు గ్యాసునూనె, కందిలి గోళాలు. తర్వాత పలకలు, దువ్వెనలు, గొడుగులు, కొబ్బరినూనె. వానాకాలం పంట ఇంటికొచ్చాక మేస్త్రీల వెంట దూరపు పనులకు పోయే గుంపులు, రైలెక్కే ముందు మా దగ్గరే తంబాకు, సబ్బు, కారం కట్టించుకునేవి. పాలమూరు కూలీ ఏ దేశంలో గోడ కట్టినా ఆ గోడ వెనక మన దుకాణం కారం ఉంటుందని మా బాపు గొప్పగా చెప్పేవాడు.

దుకాణంలో ఒక పద్ధతి ఉండేది. ఏ సరుకునూ 'లేదు' అనకూడదు. 'అయిపోయింది' అని కూడా అనకూడదు. 'నిండుకుంది' అనాలి. ఇది చాలా ఇళ్ళలో ఉన్నదే, బియ్యం అయిపోతే నిండుకున్నాయనే అంటారు. మా దగ్గర ఆ మాట పొద్దున్నించి సాయంత్రం దాకా వాడీ వాడీ అరిగిపోయి 'నిండింది' అయింది. చక్కెర నిండిందంటే చక్కెర లేదని. నిండిన డబ్బా అంటే ఖాళీ డబ్బా. చిన్నప్పుడు నేను బడిలో చేరిన కొత్తలో, కుండ నిండిందేమో చూసి రమ్మని సారు పంపాడు. అంచుదాకా నీళ్ళున్న కుండను చూసి వచ్చి, నిండలేదు సార్, నీళ్ళున్నాయి అని చెప్పాను. ఆ రోజు తిన్న దెబ్బ ఇప్పటికీ గుర్తుంది.

ఈ మాటే మా బాపును నలభై ఏళ్ళు తిప్పలు పెట్టింది.

బాపుకు రెండేళ్ళు నిండకముందే ఆయన తల్లి చనిపోయింది. ఆమె పాలమూరులో ఒకే ఒక్క ఫోటో దిగిందట. తాత మళ్ళీ పెళ్ళి చేసుకున్నాక, వచ్చినామె మనసు నొచ్చుకుంటుందని ఆ ఫోటోను ఎక్కడో దాచేశాడు. ఆమె మంచి మనిషి. బాపును కన్నకొడుకులాగే చూసుకుంది. అందుకే ఆ ఫోటో ఎక్కడని అడగడానికి బాపుకు నోరు రాలేదు. చివరికి పోయే రోజున తాత తనే బాపును దగ్గరికి పిలిచి చెప్పాడు.

"నీ తల్లి ఫోటో నిండిన డబ్బల ఉన్నది."

బాపు దుకాణంలోని ఖాళీ డబ్బాలన్నీ బోర్లించి చూశాడు. అటక మీదివి దించాడు. అడుగున వేసిన అట్టలు పీకాడు. మా దగ్గర పాత డబ్బాలు అడిగి తీసుకుపోయిన వాళ్ళ ఇళ్ళకు కూడా పోయాడు. జొన్నలు పోసుకున్న వాళ్ళచేత వాటిని కింద పోయించి మరీ చూశాడు. దొరకలేదు. ఎప్పుడూ దేనికీ బాధపడినట్టు కనబడని మనిషి ఒకసారి నాతో అన్నాడు.

"అందరికి తల్లి యాదికొస్తది బిడ్డా. నాకు యాది చేసుకుందామంటే మొకం లేదు."

రెండేళ్ళ కింద దుకాణం ఉన్న ఇంటి యజమానులు పాతది పడగొట్టి కొత్తది కట్టుకుంటామన్నారు. అడగడంలో తప్పేమీ లేదు, మేం కిరాయికే ఉన్నాం. అప్పటికి బాపుకు పక్షవాతం వచ్చి ఏడాది అయింది. కుడి చెయ్యి లేవదు, మాట ముక్కలు ముక్కలుగా వస్తుంది. సరుకంతా అమ్మేశాం. మిగిలిన డబ్బాలు పట్టుకుపోవడానికి పాత ఇనుప సామాన్ల వాళ్ళు ఆదివారం మధ్యాహ్నం వస్తామన్నారు. పొద్దున నేను బయల్దేరుతుంటే బాపు మంచంలోంచే ఎడమ చెయ్యి ఊపాడు. "డబ్బలు... సూడు." చూస్తానన్నాను. ఆ మధ్యాహ్నం దాటితే ఇక చూడటానికి ఏమీ ఉండదని ఇద్దరికీ తెలుసు.

దుకాణంలో నేనొక్కదాన్నే. షట్టరు పూర్తిగా ఎత్తి ఉంది, కళ్ళు చెదిరే ఎండ. ఒక్కో డబ్బాలో ఫోన్ టార్చి వేసి చూశాను. రెండింట్లో బల్లి గుడ్లు ఉన్నాయి. అంతకు మించి ఏమీ లేదు. అరల మీద సరుకుతో మిగిలింది పసుపు డబ్బా ఒక్కటే. వెడల్పు మూతి ఉన్న పాత ఇత్తడి డబ్బా అది. పసుపు మాత్రం ఎన్నడూ నిండకూడదని, అంటే అయిపోకూడదని తాత పెట్టిన నియమం. సగానికి రాకముందే పైన కొత్త పసుపు పోసేవాళ్ళం. పండగలకు తోమినా బయటి నుంచే తోమేవాళ్ళం. దాన్ని అలాగే ఇంటికి తీసుకుపోదామని పక్కన పెట్టాను.

పదకొండు దాటింది. గూడ్సు బండి పోతున్న చప్పుడు. మెట్ల మీద ఒక ముసలామె నిలబడి ఉంది. ఆకుపచ్చ నేత చీర, చేతిలో సంచీ లేదు. వెనక నుంచి ఎండ పడుతుండటంతో మొహం సరిగా కనబడలేదు. పసుపు కావాలంది, అడుగున ఉన్నది కావాలంది. దుకాణం ఎత్తేశామని చెప్పాను. ఆమె వినిపించుకున్నట్టు లేదు. పిలగాడు తిన్నాడా అని అడిగింది. మా అబ్బాయి సంగతేమో అనుకుని, వాడు హాస్టల్లో ఉన్నాడని చెప్పాను.

"గా పిలగాడు కాదు" అంది. ఎవరని నేను అడగలేదు. అడిగి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

తర్వాత ఇత్తడి డబ్బా వైపు చెయ్యి చూపించి, గా నిండిన డబ్బలదే ఇయ్యమంది. నాకు నవ్వొచ్చింది.

"నిండిన డబ్బల పసుపు యాడుంటది అవ్వా?"

ఆమెకు నా మాట అర్థం కాలేదు.

"నిండినదాన్ని నిండింది అనకుంటే ఏమంటరు బిడ్డా?"

అప్పుడు తాత చివరి మాట గుర్తొచ్చింది. పోయే ముందు మనిషి దుకాణం భాష ఎందుకు మాట్లాడతాడని నలభై ఏళ్ళలో మాకెవరికీ తట్టలేదు. తాత అందరూ మాట్లాడే తెలుగే మాట్లాడాడు. మేమే ఖాళీ డబ్బాలు వెతుక్కుంటూ కూర్చున్నాం.

కింద పేపర్లు పరిచి డబ్బా బోర్లించాను. ముక్కులోకి పసుపు పోయి తుమ్ములు ఆగలేదు. అడుగు పొర రాయిలా గట్టిపడి, ఇటుక రంగుకు తిరిగి ఉంది. గరిటె కాడతో పొడిచి పొడిచి తీస్తే, మైనపు గుడ్డలో చుట్టి పురికొసతో కట్టిన పలచటి పొట్లం ఒకటి బయటపడింది. దాన్ని చేత్తో పట్టుకుని ఆమె వైపు తిరిగాను. మెట్ల మీద ఎవరూ లేరు.

ముందు పక్కనున్న చాయ్ హోటల్ యాదయ్యను అడిగాను. ఆయన పొద్దున్నించి మా మెట్లు కనబడేలా బయట బల్ల మీదే కూర్చుని ఉన్నాడు. "ఎవరు రాలే బిడ్డా. నువ్వొక్కదానివే మాట్లాడుతుంటివి. ఫోన్ల అనుకున్న" అన్నాడు. తర్వాత ఎదురుగా ఉన్న మొబైల్ షాపు వాళ్ళ కెమెరా చూశాను. కదలిక ఉంటేనే రికార్డయ్యే రకం అది. మా మెట్లు స్పష్టంగా కనబడతాయి. పది ముప్పావుకు ఒక కుక్క ఎక్కి దిగింది. ఆ తర్వాత నేను యాదయ్య దగ్గరికి దిగేదాకా ఏమీ లేదు.

ఇలాంటి కెమెరాలు ఒక్కోసారి కదలికను పట్టుకోవని నాకూ తెలుసు. యాదయ్య చూపు ఆ కాసేపు పక్కకు పోయి ఉండొచ్చు. మా బడిలో ఒక సారు ఇంకో మాట అన్నాడు. చిక్కు నా బుర్రే విప్పుకుని దానికి మనిషి వేషం వేసిందట. నాకూ అదే నచ్చిన వివరణ. కాని అడుగున ఉన్నది ఇవ్వమని నా బుర్రకు ఎలా తెలుసు? తాత నిండిన డబ్బా అన్నాడే తప్ప అడుగున అని అనలేదు. అక్కడ మాత్రం నా లెక్క ఆగిపోతుంది.

పొట్లం విప్పకుండా ఇంటికి తెచ్చి బాపు ముందు పెట్టి, పురికొస నేను కోశాను. ఫోటో అంచులు పసుపు పట్టి ఉన్నాయి, మధ్యలో చెక్కు చెదరలేదు. ఇరవై ఏళ్ళు కూడా ఉండని ఒక అమ్మాయి కుర్చీలో కూర్చుని ఉంది. ఒళ్ళో బొద్దుగా ఒక పిల్లవాడు. ముసలామెకూ ఈమెకూ పోలిక ఉందా అని అందరూ అడుగుతారు. చెప్పలేను, నేను ఆ మొహం సరిగా చూడనే లేదు. బాపుకు జరిగిందంతా చెప్పాను, పిలగాడు తిన్నాడా అని అడగడంతో సహా. ఆయన ఆశ్చర్యపోలేదు. ఎడమ చేతి బొటనవేలితో ఆమె చెంప దగ్గర అంటిన పసుపు తుడిచాడు. చాలాసేపు చూశాడు. కళ్ళ నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు.

"నిండింది" అన్నాడు.

పుట్టినప్పటి నుంచి మా ఇంట్లో ఆ మాట వింటున్నాను. అందరూ వాడే అర్థంలో వినడం అదే మొదటిసారి.

ఆమె ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. దుకాణం ఉన్న చోట ఇప్పుడు పిల్లర్లు లేచాయి. ఆ అడుగు పసుపులో కొంత పేపర్లో పొట్లం కట్టి నా బీరువాలో పెట్టుకున్నాను. ఎప్పుడైనా వచ్చి అడిగితే, లేదని అనకూడదు కదా.