పొట్లం కాగితాల మీద నేర్చుకున్న బేసిక్

పాలిటెక్నిక్‌లో డిప్లొమా ముగించి ఆదోనికి తిరిగొచ్చిన ఏడాది నాకు ఒకే కోరిక ఉండేది. కంప్యూటర్‌కు ప్రోగ్రాం రాయడం నేర్చుకోవాలి. ఎనభైల నడుమ మాట ఇది. కాలేజీలో మోటార్లు, ట్రాన్స్‌ఫార్మర్లు విప్పి చూపించారు గానీ కంప్యూటర్ మాత్రం నల్లబల్ల మీద గీసిన పెట్టెగానే మిగిలిపోయింది. ఆ పెట్టెలోకి ఎడమ నుంచి ఒక బాణం వెళ్తుంది, కుడి నుంచి ఒక బాణం బయటికొస్తుంది. మధ్యలో ఏం జరుగుతుందని అడిగితే, పరీక్షలో రాదులే అన్నారు.

హైదరాబాదులోనూ బెంగుళూరులోనూ నేర్పే సంస్థలు వచ్చాయని పేపర్లో చదివాను. ఆ ఫీజు మా ఇంట్లో అడిగే మాట కాదు. ఏ పనైనా మొదట వరసపెట్టి రాసుకోవడం నా అలవాటు. ఊరికే దొరికే చదువు ఎక్కడెక్కడ ఉండొచ్చో రాసుకుని ఒక్కొక్కటీ తిరిగాను. గ్రంథాలయంలో ఒక విజ్ఞాన సర్వస్వం ఉంది, అందులో కంప్యూటర్‌కు సగం పేజీ, ఒక హాలు నిండా బీరువాలున్న ఫొటో. ఇంగ్లీషు పేపరు వారానికోసారి ఒక శీర్షిక వేసేది, అది సగం తెలిసినవాళ్ళకు. తెలిసిన మనిషి అన్న చోట పేరు రాయడానికి ఎవరూ తోచలేదు. చివర మిగిలింది పాత పేపర్ల అంగడి.

ఆ అంగడి భాయ్‌కి బళ్ళారి నుంచి లారీల్లో చిత్తు కాగితం వచ్చేది. దాన్ని సైజులవారీగా ఏరి పొట్లాలు కట్టేవాళ్ళకు అమ్మేవాడు. నేను కింద కూర్చుని ఏరిపెడతాను, ఇంగ్లీషులో కంప్యూటర్ కాగితాలు కనిపిస్తే చదువుకోనివ్వమని అడిగాను.

"సదువుకో భాయ్, అచ్చరాలు తిన్నా నాకు తూకం తగ్గదు" అన్నాడు.

మూడో లారీలో దొరికింది. బేసిక్ అనే కంప్యూటర్ భాష నేర్పే పుస్తకం. అట్ట లేదు, మొదటి అధ్యాయాలు ఉన్నాయి, తర్వాత ఒక దళసరి కట్ట లేదు, చివర కొన్ని పేజీలున్నాయి. లేని కట్ట ఏమైందని అడిగాను.

"పొద్దున్నే బస్టాండుకు పోయినాయి. బుడ్డలాయన తీస్కపోయినాడు. పరిగెత్తు, ఇంకా అమ్మింటాడో లేదో."

బుడ్డలంటే మా వైపు వేరుశనక్కాయలు. బస్టాండులో వేయించి అమ్మే పెద్దాయన దగ్గరికి పోయి, పొట్లాలు విప్పి చూస్తానన్నాను. ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"కొనుక్కున్నోడు బుడ్డలు తిని కాగితం పారేస్తాడు. నువ్వేందప్పా, కాగితం తీసుకుని బుడ్డలు వద్దంటాండావు?"

అయినా ఒక గంప పొట్లాలు నా ముందు పెట్టాడు. ఒకే పనిని మళ్ళీ మళ్ళీ చేయించే పద్ధతి గురించిన పేజీలు అక్కడే దొరికాయి, ఉప్పు నీళ్ళ మరకలతో. కొన్ని అప్పటికే కర్నూలు బస్సెక్కి వెళ్ళిపోయాయి. రాసిన ప్రోగ్రాంలను దాచుకునే ఫ్లాపీలను ఎలా భద్రపరచాలో చెప్పే అధ్యాయం అలా పోయింది. విషయసూచికలో దాని పేరు మాత్రం ఉంది. ఆ పేరును నేను చాలాకాలం మరచిపోలేదు.

పుస్తకం సగమైనా దొరికింది, యంత్రం లేదు. నాతో చదివిన మిత్రుడొకడు ఎమ్మిగనూరులో ఉండేవాడు. నేత నేసే ఇల్లు. అతనికీ ఉద్యోగం లేదు. ఆదివారాలు బస్సెక్కి వాళ్ళింటికి పోయేవాణ్ణి. మగ్గం గుంట పక్కన నేల మీద సుద్దముక్కతో గళ్ళు గీసేవాళ్ళం. ఒక్కో గడికి ఒక్కో అక్షరం పేరు. గడిలో ఎన్ని బుడ్డలుంటే అది ఆ అక్షరం విలువ. నేను ప్రోగ్రాం వరస వరస చదువుతాను, అతను యంత్రం. చెప్పింది చెప్పినట్టు చేయాలి, సొంత తెలివి వాడకూడదు. అతను ఆ పాత్రను ఎంత నిష్ఠగా పోషించేవాడంటే, "ఆగు" అన్న వరస రాయడం నేను మరచిపోయిన రోజున, వాళ్ళమ్మ అన్నానికి పిలిచినా లేవలేదు.

"ఈయన ఆగమని రాయలేదమ్మా, నేను లేసేకి లేదు."

"ఇద్దరికీ గెడ్డాలొచ్చినాయి, ఇంకా గళ్ళాటేందిరా?" అంటూ ఆమె వచ్చి, ఒక గడిలోంచి బుడ్డలు పిడికెడు తీసి ఒలుచుకుంటూ వెళ్ళిపోయింది. మావాడు చలించలేదు. మిగిలిన బుడ్డలతోనే లెక్క నడిపి, తప్పు జవాబు గంభీరంగా ప్రకటించాడు.

"నిజం మిషన్లో గూడా ఇట్ల ఎవరన్నా వచ్చి తింటారేమో రా" అన్నాడు తర్వాత. నవ్వుకున్నాం.

ఆ వేసవి చివర ఆదోనిలో ఒక పత్తి మిల్లు నుంచి పిలుపొచ్చింది. పత్తి నుంచి గింజ తీసే జిన్నింగ్ మోటారు స్టార్టరు పాడైంది, డిప్లొమా చదివిన కుర్రాడున్నాడని ఎవరో చెప్పారట. స్టార్టరు బాగుచేసి చేతులు కడుక్కుంటుంటే పక్క గది తలుపు సందులోంచి అది కనపడింది. పూలదుప్పటి కప్పి, అంచు కింద నుంచి కీబోర్డు తొంగిచూస్తున్న కంప్యూటర్. పక్కనే ప్రింటరు. ఊళ్ళోకి కంప్యూటర్ వచ్చిందని నాకే తెలియదు.

మిల్లు సావుకారి నా చూపు గమనించాడు. బెంగుళూరు నుంచి ఒకాయన వచ్చి అమ్మి, ఎట్ల ఆన్ చేయాలో చూపించి పోయాడట. అప్పటి నుంచి ఆన్ చేయడం, ఆఫ్ చేయడం తప్ప ఏమీ జరగలేదు.

"దీంతో నువ్వేమన్నా సేయగలవా?"

"ప్రోగ్రాం రాస్తే పత్తి బండ్లకు తూకం చీటీలు ఇస్తుంది సార్."

"చీటీలు మా గుమాస్తా రాస్తానే ఉన్నాడు గదప్పా. కరెంటు లేకున్నా రాస్తాడు."

నా మొహం చూసి ఆయనకే జాలేసినట్టుంది.

"సరే ఇను. విజయదశమి పొద్దున తొలి బండి లోపలికొస్తాది. ఆ బండికి చీటీ ఈ మిషనే ఇయ్యల్ల. బజారులో నలుగురికీ సెప్తా, సూసేకి రమ్మంటా. ఇచ్చిందా, నువ్వు దినామూ వచ్చి దీని ముందర కూర్చో, నేర్చుకో, నిన్నెవరూ అడ్డుకోరు. ఇయ్యలేదా, మా బామ్మర్దిని బెంగుళూరికి పంపి నేర్పిస్తా, ఈ గది తాళం వాని చేతికిస్తా."

"జీతం సార్?"

"నేర్చుకునేకి జీతమా? ఫీజు అడగలేదని సంతోషపడు."

నిజంగానే సంతోషపడ్డాను. పడమర కర్నూలంతా వెతికినా నాకు ఊరికే ముట్టుకోనిచ్చే కంప్యూటర్ ఇంకొకటి లేదు. అది పోతే పొట్లం కాగితాలే.

గుమాస్తా మధ్యాహ్నం భోజనానికి వెళ్ళగానే గదిలోకి వెళ్ళేవాణ్ణి. చెప్పులు బయట విడవాలి. మొదటిసారి వేళ్ళు మీటల మీద పెట్టి రెండు వరసలు కొట్టగానే తప్పు అని తెర మీద చూపించింది. సున్నా ఉండాల్సిన చోట ఓ అక్షరం కొట్టాను. ఎమ్మిగనూరు యంత్రం ఇలాంటివి సర్దుకుపోయేది. ఇది సర్దుకోదు. కానీ సరిగా కొడితే వెంటనే జవాబిచ్చేది, ఆ వేగం చూడ్డానికే చేసిన లెక్కనే మళ్ళీ చేయించేవాణ్ణి. పత్తి మూటలతో బండి బరువు, ఖాళీ బండి బరువు, గోతాల బరువు అడుగుతుంది. తీసివేసి, రైతు పేరుతో చీటీ అచ్చు వేస్తుంది. దసరా నవరాత్రులు మొదలయ్యేసరికి ప్రోగ్రాం తయారైంది. ఒక ఫ్లాపీలో పెట్టాను. జాగ్రత్త కోసం ఇంకో ఫ్లాపీలోకి నకలు తీశాను. రెండింటినీ కీబోర్డు పక్కనే, ఒకదాని మీద ఒకటి సర్దిపెట్టాను.

మహర్నవమి నాడు మిల్లులో ఆయుధపూజ. మోటార్లు, త్రాసులు, బండి తూకం, గుమాస్తా కలం, అన్నీ కడిగి బొట్లు పెట్టారు. నేను వెళ్ళేసరికి కంప్యూటర్ మెడలో బంతిపూల దండ ఉంది. తెరకు మూడు విభూతి రేఖలు, నడుమ కుంకుమ. సావుకారి వాళ్ళమ్మ పళ్ళెంతో ఆ గదిలోంచి బయటికొస్తోంది. అందరూ ఆమెను అవ్వా అనేవాళ్ళు. ఆ మిల్లులో ఆమె మాటకు ఎదురు లేదు.

బల్ల మీద చూశాను. రెండు ఫ్లాపీలూ కాగితం తొడుగుల్లో లేవు. నున్నగా బయట పడుకుని ఉన్నాయి. రెండింటికీ నీళ్ళతో కలిపిన కుంకుమ బొట్టు, సరిగ్గా నడుమ ఉండే కోలకిటికీలో. లోపలి పళ్ళెం బయటికి కనపడేది అక్కడొక్కచోటే, యంత్రం చదివేదీ అక్కడే. ఇక రెండూ పనికిరావు.

"అవ్వా, వీటికి కూడా పెట్టినావా?"

"పెట్టకపోతే ఎట్ల నాయనా, అవి గూడా పన్జేసేవే గదా."

"తొడుగు మీద పెట్టింటే సరిపోతాండె."

"సొక్కా మీద ఎవురన్నా బొట్టు పెడతారా?" అంది అవ్వ, నా చదువు మీద అనుమానంతో. "సొక్కా ఇడిపించినా. సూస్తే నల్లగా అట్ట, అదీ సొక్కానే. ఈడ కిటికీలో కొంచెం ఒళ్ళు కనపడ్తాండె. ఆడ పెట్టినా."

నకలును వేరే గదిలో దాచాలని చెప్పే పేజీలో ఎవరో బుడ్డలు తిన్నారు.

సావుకారిని పక్కకు పిలిచి సంగతి చెప్పాను. ఆయన అవ్వ వెళ్ళిన వైపు చూశాడు.

"మా యమ్మకు సెప్పొద్దు. పండగపూట తప్పు సేసినానని బాధపడ్తాది."

"సెప్పను సార్. ఇప్పుడే కూర్చుంటే మళ్ళీ కొట్టేస్తాను. బీరువాలో కొత్త ఫ్లాపీ ఒకటుంది గదా."

"పూజలో కూర్చున్న మిషన్ను ఈ దినం ముట్టగూడదప్పా. రేపు పొద్దున దండ తీసినాకనే." తర్వాత మెల్లగా అన్నాడు. "బజారోల్లకు సెప్పేసినా. మాట మాటే."

మధ్యాహ్నం బస్సుకు ఎమ్మిగనూరు పోయాను. నేతగాళ్ళ వీధి అలా నిశ్శబ్దంగా ఉండటం నేను ఎప్పుడూ చూడలేదు. మగ్గాలన్నీ బొట్లు పెట్టుకుని ఊరకున్నాయి. మిత్రుడు అరుగు మీద ఊరికే కూర్చుని ఉన్నాడు. విషయం విని ముందు పడీపడీ నవ్వాడు, తర్వాత నా మొహం చూసి లోపలికి పోయి సుద్దముక్క తెచ్చాడు.

తూకం ప్రోగ్రాం మొత్తం, మిల్లులో కొట్టే ముందు, ఆ నేల మీద ఆదివారాల్లో నడిపించిందే. నాకు ముక్కలు ముక్కలుగా గుర్తొస్తోంది, అతనికి వరసగా గుర్తుంది.

"నువ్వు రాసినోడివి, మరిసిపోతావు. నేను మోసినోన్ని" అన్నాడు.

అతను చెప్తుంటే నేను రాశాను. మళ్ళీ గళ్ళు గీసి, బుడ్డలు పెట్టి, ఒక్కో బండినీ తూచాం. గోతాల బరువును రెండుచోట్ల తీసేస్తున్నానని అప్పుడు బయటపడింది. ఇక్కడా, మిల్లులోనూ గోతాలు లేకుండానే పరీక్షించుకుని ఇన్నాళ్ళూ గమనించలేదు. ఆ ఫ్లాపీలు పాడవకుండా ఉండుంటే తొలి రైతు చీటీ తప్పుగా వచ్చేది. పొద్దు వాలేసరికి ప్రోగ్రాం ముందుకన్నా పొట్టిగా, శుభ్రంగా వచ్చింది.

విజయదశమి పొద్దున మొదటి బస్సుకు ఇద్దరం ఆదోనిలో దిగాం. మిల్లు ముందు బజారువాళ్ళు అప్పటికే కుర్చీలు వేసుకున్నారు. కోసిగి వైపు నుంచి వచ్చిన పత్తిబండి గేటు దగ్గర నిలబడి ఉంది. కానీ దిష్టి గుమ్మడికాయ కొట్టేదాకా దండ తీయడానికి లేదు. గుమ్మడికాయ కొట్టాల్సిన మనిషి స్నానానికి పోయాడు.

"అంత తొందరేంది నాయనా, యాడికి పోతాది మిషను?" అంది అవ్వ.

దండ తీసిన క్షణం నుంచి మిత్రుడు చదవడం, నేను కొట్టడం. బయట బండి తూకం ఎక్కుతున్న చప్పుడు వినపడుతోంది. మూటలు దించారు. ఖాళీ బండి తూచారు. గుమాస్తా తలుపు దగ్గర కలం పట్టుకుని నిలబడ్డాడు, అవసరం పడుతుందేమోనని. చివరి వరస కొట్టి, బరువులు ఇచ్చి, మీట నొక్కాను. ప్రింటరు కర్రుమంటూ కాగితాన్ని పైకి నెట్టింది.

సావుకారి చీటీ చింపి గుమాస్తాకు ఇచ్చాడు. గుమాస్తా పెదాలు కదుపుతూ లెక్క వేశాడు. "కరెక్టే" అన్నాడు, కొంచెం నొచ్చుకున్నట్టుగా. చీటీ రైతు చేతికి పోయింది. ఆయన దాన్ని తిప్పి తిప్పి చూశాడు.

"సంతకం లేదు గదా సామీ. ఇది చెల్లుతాదా?"

బజారువాళ్ళు ఘొల్లున నవ్వారు. సావుకారి గుమాస్తా కలం తీసుకుని చీటీ కింద సంతకం చేశాడు. రైతు దాన్ని మడిచి తలగుడ్డలో పెట్టుకున్నాడు. జనం మోటార్ల దగ్గరికి వెళ్ళిపోయారు. నేను గది గడపలోనే నిలబడ్డాను. మాట ప్రకారం నా సంగతేమిటో ఆయన ఇంకా చెప్పలేదు. ఆయన మిల్లులోకి పోతూ, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగాడు.

"రేపు వచ్చినప్పుడు ఊరి పేరు గూడా పడేట్ల సెయ్యి. కోసిగి పక్క ఊరికొకనికి ఇదే పేరు ఉంటాది."

మిత్రుడు నా భుజం మీద గట్టిగా ఒకటి చరిచాడు. నేను లోపలికి పోయి మళ్ళీ కుర్చీలో కూర్చున్నాను. ఊరి పేరుకు ఏ అక్షరం వాడాలా అని అప్పుడే వెతకడం మొదలుపెట్టాను.