సారెలో చేప

ఏ వంట ఎవరిదో నన్నడిగితే ఇట్టే చెప్పేస్తానని నాకు మహా గర్వంగా ఉండేది. బెంగాల్లోని ఖరగ్‌పూర్‌లో, హిజ్లీ క్యాంపస్‌లో నేను పనిచేసే ఆఫీసులో మధ్యాహ్నం ఒకే బల్ల మీద నాలుగైదు రాష్ట్రాల టిఫిన్ డబ్బాలు తెరుచుకుంటాయి. అడిగీ అడక్కుండానే అందరి డబ్బాల్లోనూ చెంచా పెట్టేదాన్ని. పూరీ వెళితే దర్శనం కన్నా ముందు, పప్పులో కూరగాయలు వేసి వండే డాల్మా ఎక్కడ బాగుంటుందో కనుక్కునేదాన్ని. డార్జిలింగ్‌లో తక్కినవాళ్లంతా మంచుకొండల్ని చూస్తుంటే, నేను ఒక నేపాలీ దీదీ వంటింటి గుమ్మంలో నిలబడి ముల్లంగి ఆకు ఎలా పులియబెట్టి ఎండబెడతారో అడుగుతున్నాను. ఇంటికొచ్చాక ఆదివారాలు అవన్నీ వండేదాన్ని. మా ఆయన శనివారం సాయంత్రమే, రేపు ఏ రాష్ట్రం అని అడిగేవాడు. కుదిరినవి తక్కువ, తగలేసినవి ఎక్కువ. అయినా వడ్డిస్తూ పాఠం చెప్పడం మాత్రం మానేదాన్ని కాదు. ఇది ఒడియావాళ్లది, ఇది బిహారీలది, ఇది బెంగాలీలది, ఇది మనది అంటూ.

ఆ చివరి ముక్క దగ్గరే బోర్లా పడ్డాను.

మా చెల్లెలికి విజయనగరం దగ్గర సంబంధం కుదిరింది. తాతల కాలంలో రైల్వే వర్క్‌షాప్ ఉద్యోగాల కోసం ఖరగ్‌పూర్ వచ్చిన కుటుంబం మాది. అప్పటి నుంచీ మా పెళ్లిళ్లన్నీ ఇక్కడి తెలుగు ఇళ్ల మధ్యనే జరిగాయి. నన్ను ఊళ్లోనే నిమ్‌పురా క్వార్టర్స్ నుంచి ఇందా అనే పేటకి ఇచ్చారు. అత్తారింటికి ఆటోలో వెళ్లాను. ఆంధ్రాకి కోడలిగా వెళుతున్న మొదటి పిల్ల మా చెల్లెలే. అటువాళ్లు మంచివాళ్లే గానీ, పెళ్లిచూపుల నాడే దాని అత్తగారు ఒక మాట అడిగింది. పిల్ల మన పద్ధతుల్లోనే పెరిగిందా, బెంగాల్ పిల్ల అయిపోయిందా అని. అమ్మ నొచ్చుకుంది. మన పద్ధతి ఒక్కటి కూడా మేం తప్పలేదని గట్టిగా చెప్పింది. ఆ మాట నిలబెట్టే బరువు చెల్లెలి నెత్తిన పడింది, దిగులు నాకు పట్టుకుంది. పెళ్లయ్యే దాకా అది ఏం తిన్నా, ఎలా కూర్చున్నా, అక్కడ ఇలా చెయ్యకు సుమా అని వెంటపడేదాన్ని.

పెళ్లి ఖరగ్‌పూర్‌లోనే చేశాం. వారం తర్వాత సారెతో దాన్ని దిగబెట్టడానికి నేనూ మా ఆయనా బయలుదేరాం. ఆ సారె మీద అమ్మ ప్రాణం పెట్టింది. చలిమిడి, మినపసున్ని ఉండలు, అరిసెలు, జంతికలు, గోల్ బజార్ నుంచి తెచ్చిన సందేశ్ పెట్టెలు. వీటన్నిటికన్నా ముఖ్యమైనది చేప. నాలుగు కిలోల రుయి చేప, అంటే శీలావతి. దాన్ని శుభ్రంగా కడిగి, పసుపు రాసి, నుదుట కుంకుమ బొట్టు పెట్టి, ముక్కుకు పూసల నత్తు గుచ్చి, తన పెళ్లిచీర అంచు కత్తిరించి చుట్టింది అమ్మ. నోట్లో తాంబూలం పెట్టింది. థర్మాకోల్ పెట్టెలో ఐసు మీద పడుకోబెట్టింది. మా ఇళ్లలో ఏ ఆడపిల్ల అత్తారింటికి వెళ్లినా వెంట ఇలాంటి చేప వెళ్లాల్సిందే. నా వెంట వచ్చిన చేపకు మా అత్తారింట్లో హారతిచ్చి లోపలికి తీసుకెళ్లారు. అలా ఎందుకని ఎవరూ ఎప్పుడూ అడగలేదు. తెలివైనదాన్ని కదా, నేనూ అడగలేదు.

రైల్లో ఎదురు సీటు బెంగాలీ పెద్దాయన, మా పెట్టె నుంచి నీళ్లు కారుతున్నాయని మొదట విసుక్కున్నాడు. లోపలున్నది పెళ్లి చేప అని చెప్పగానే కాళ్లు పైకి పెట్టుకుని పెట్టెకు చోటిచ్చాడు. మా చేపకు ఎంత మర్యాదో అని మురిసిపోయానే తప్ప, పెళ్లి చేప అనగానే ఆయనకు ఎలా అర్థమైందో నాకు తట్టలేదు.

పొద్దున్నే దిగాం. మేం వెళ్లేసరికే సారె చూడ్డానికి పేరంటాళ్లు వచ్చి కూర్చున్నారు. దేవుడి గది ముందు చాప పరిచి ఒక్కొక్కటీ పెడుతుంటే చెల్లెలి అత్తగారి ముఖం విప్పారింది. చలిమిడి చిదిమి నోట్లో వేసుకుని పాకం బాగా కుదిరిందని మెచ్చుకుంది. బెంగాలీ స్వీట్లని సందేశ్ కోసం పిల్లలు ఎగబడ్డారు. దానికి ఎవరూ ఏమీ అనుకోలేదు. అసలు వస్తువు ఆఖర్న చూపిద్దామని ఆగిన నేను, అప్పుడు పెట్టె మూత తీశాను.

చాప చుట్టూ కూర్చున్న ఆడవాళ్లు కొంగులు దగ్గరికి లాక్కున్నారు. ఒకావిడ లేచి గోడవారకు జరిగింది. అత్తగారు ముందు దేవుడి గది తలుపు దగ్గరగా వేసి, ఆ తర్వాత నా వైపు తిరిగింది.

"ఇదేటమ్మా, పసుపు కుంకాల పక్కన నీసు ఎట్టినారు? ఇది ఎవులి పద్ధతి?"

ఆ ఇంట్లో వారానికి మూడు రోజులు చేపల పులుసే. ఆ సంగతి నాకు తెలుసు. తినడానికి లేని తప్పు తేవడానికి ఎందుకొచ్చిందో అర్థం కాలేదు. మన పద్ధతే అని నోటిదాకా వచ్చింది. మనదైతే వీళ్లకెందుకు తెలియదు? వీళ్లు మనవాళ్లు కారా, మేమే కామా? ఇన్నేళ్లూ ఊరూరా తిరిగి ఎవరి తిండి ఏమిటో నేర్చుకున్నదాన్ని, మా ఇంటి చేప ఎవరిదో చెప్పలేక నిలబడ్డాను. చెల్లెలు తలొంచుకుని కూర్చుంది. బెంగాల్ పిల్ల అనే మాట ఆ చాప చుట్టూ ఉన్నవాళ్లలో ఎవరో ఒకరు అనేస్తారని నాకు భయం వేసింది. చేతికందిన అబద్ధం ఆడేశాను.

"మాది కాదత్తా. పక్క క్వార్టరు బెంగాలీవోలు ముచ్చటపడి ఇచ్చినారు. కాదన్నేక తెచ్చినాం."

అందరూ తేలికపడ్డారు. పాపం వాళ్లకేం తెలుసని ఒకావిడ నవ్వింది. అత్తగారు కూడా నవ్వి, దాన్ని ఎవరికైనా ఇచ్చెయ్యమని పనిమనిషిని పిలిచింది. గండం గడిచిందనుకున్నాను. అప్పుడు చెల్లెలు తలెత్తింది.

"కాదత్తా, అది మాదే. ఆ సుట్టింది మాయమ్మ పెళ్లిసీర. మా ఇంట ఆడపిల్లలందరికీ ఎట్టినారు. నాకూ ఎట్టినారు."

అని ఊరుకోలేదు. లేచి పెట్టె ఎత్తుకుని పెరట్లోకి నడిచింది. నేను వెనకాలే పరిగెత్తాను. నత్తు తీసింది, చీర అంచు విప్పి నీళ్లు పిండి తీగ మీద ఆరేసింది, కాళ్ల పసుపైనా ఆరకుండానే కత్తిపీట ముందు కూర్చుంది. అత్తగారు గుమ్మంలో నిలబడి తీగ మీది గుడ్డనే చూస్తోంది. అంతా నేనే చెడగొట్టానో, చెల్లెలే చెడగొట్టుకుందో తేల్చుకోలేకపోయాను.

ఆవిడ వచ్చి చెల్లెల్ని లేపింది. కొత్త కోడలు కత్తిపీట ముందు కూర్చుంటే చూసేవాళ్లకి బాగుండదని తనే కూర్చుని పొలుసు తీసింది. కోపంతో తీసిందో ఇష్టంగా తీసిందో ఇప్పటికీ చెప్పలేను. చేపను ఇంట్లోకి రానివ్వలేదు, పారెయ్యనూ లేదు. పెరట్లోనే పొయ్యి పెట్టించి, మీరు ఎలా వండుతారని అడిగింది. ఆవ నూరి పెడతామని చెల్లెలు చెబితే, ఆ పూట పనసపొట్టు కూరకని నూరి ఉంచిన ఆవ గిన్నె లోపల్నుంచి తెచ్చి ఇచ్చింది. ఆవ పెట్టడం మనం బెంగాలీల దగ్గర నేర్చుకున్నామని ఆఫీసులో ఎన్నిసార్లు ఉపన్యాసం దంచానో లెక్కలేదు. నోరు మూసుకుని పచ్చిమిరపకాయలు చీల్చాను. పేరంటాళ్లలో కొందరు తినకుండానే వెళ్లిపోయారు, కొందరు గిన్నెల్లో పట్టుకెళ్లారు. అత్తగారు రెండు ముక్కలు తిని, ఉప్పు తక్కువైందని మాత్రం అంది.

ఖరగ్‌పూర్ వచ్చాక నేను ఊరుకోలేదు. ఆఫీసులో బెంగాలీ స్నేహితురాలిని అడిగితే, పెళ్లి చేప మాది, మీకెక్కడి నుంచి వచ్చిందని నవ్వింది. నాయనమ్మని అడిగాను. తన పెళ్లికి పక్క క్వార్టరు బెంగాలీ ఆవిడ తెచ్చి ఇచ్చిందని ఒకసారి చెప్పింది, కాదు తన అత్తగారే తెప్పించిందని ఇంకోసారి చెప్పింది. మూడోసారి అడిగితే పనేం లేదా అని కసిరింది. అంటే నేను ఆడిన అబద్ధం ఒకప్పటి నిజమే కావచ్చు. అలా అనుకున్నాక మనసు కుదుటపడాలి. పడలేదు.

ఎందుకంటే చేప వండిన ఆ రోజు సాయంత్రం మేం తిరుగు ప్రయాణమవుతుంటే చెల్లెలు గేటు దాకా వచ్చింది. మా ఆయన ఆటోలో సంచులు సర్దుతున్నాడు. అక్కని అప్ప అనడం మా ఇంట్లో అలవాటు. అది నా చెయ్యి పట్టుకుని, ఎవరికీ వినపడకుండా చెప్పింది.

"నా కోసమే అన్నావని నాకు తెలుసప్పా. గానీ ఈ ఇంట నన్ను నిలబెట్టడానికని అమ్మని పక్కింటామెని సేసినావు. ఇంకెప్పుడూ సెయ్యకు."

వెళ్లి ఆటో ఎక్కాను. ఆటో వీధి మలుపు తిరిగాక మా ఆయన ఏమైందని అడిగాడు. ఏం లేదన్నాను, స్టేషన్ వచ్చే దాకా ఏడుస్తూనే ఉన్నాను.