వెనక పెడళ్లు

నా కలల్లో ఆ సైకిలు ఇంకా పసుపు రంగులోనే కనిపిస్తుంది. నిజానికి దానికి రంగు మార్చి చాలా కాలమైంది. కలలో అప్పుడప్పుడే తెల్లవారుతుంటుంది, పల్చటి మంచు, జూబ్లీహిల్స్ ఎత్తు రోడ్డు, పెద్ద ఇళ్ల గోడల మీదినుంచి వేలాడే కాగితం పూలు. సైకిలు చప్పుడు లేకుండా పైకి పోతుంటుంది. నేను ముందు సీటు మీద ఉంటాను. ఒకసారి వెనక్కి తిరిగి చూడాలనిపిస్తుంది. చూడను.

నేను సినిమాలకు సెట్టు సామాను చేయించేవాణ్ణి. ఆర్ట్ డైరెక్టరు కాగితం మీద గీసిన బొమ్మను చెక్కతోనో ఇనుముతోనో నిలబెట్టడం నా పని. కెమెరా చూసే వైపు నిజంలా ఉంటే చాలు. చూడని వైపు మేకులున్నా గోనెపట్టాలున్నా ఎవరూ అడగరు. ఫిల్మ్‌నగర్‌లో ఇరవై ఏళ్లు ఆ పని చేశాను. ఆ అలవాటు నాతోపాటు ఇంటికి కూడా వస్తోందని చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను.

ఒక పాటకు ఇద్దరు తొక్కే సైకిలు కావాలన్నారు. యూసుఫ్‌గూడలో మా ఇంటికి నాలుగు సందుల అవతల ఒక వెల్డరు ఉన్నాడు. అతని దగ్గర రెండు పాత సైకిళ్లు కోయించి, ఒకటిగా అతికించాను. అలాంటి సైకిలుకు ఎడమ పక్కన ఇంకో చైను ఉండాలి. ముందు పెడళ్లనూ వెనక పెడళ్లనూ అదే కలుపుతుంది, ఒకరి కాలు తిరిగితే రెండోవారి కాలూ తిరుగుతుంది. కానీ హీరోయిన్ గౌను ఆ చైనులో పడుతుందని భయపడ్డారు. సరే, ఆ చైను తీసేసి, ముందు పెడళ్లనే పొడవాటి చైనుతో వెనక చక్రానికి కలిపాం. వెనక పెడళ్లు దేనికీ తగలకుండా ఊరికే తిరుగుతాయి. మరీ గిర్రున తిరిగితే కెమెరాకు దొరికిపోతాయని ఇరుసు కాస్త బిగించాం. తొక్కేవాళ్లకు బరువు లాగుతున్నట్టే ఉంటుంది.

"సార్, నడిమిట్ల ఏటవాలుగ ఒక పైపు ఏద్దాం. లేకుంటే బండి నడుము ఊగుతది," అన్నాడు వెల్డరు.

"బొమ్మలో ఆ పైపు లేదు. పాట మూడు రోజులే, ఊగితే ఊగనీ," అన్నాను.

పాట అయిపోయాక అది గోడౌనులో దుమ్ము పట్టి ఉంటే, తీసుకుపొమ్మన్నారు. ఇంటికి తోసుకొచ్చాను. నా భార్య బాల్కనీలోంచి చూసి, తడి చెయ్యి తుడుచుకోకుండానే కిందికి దిగి వచ్చింది. ఆమెది రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగం, రోజంతా నిలబడే పని. స్కూలు రోజుల తర్వాత సైకిలు ఎక్కలేదు.

"వెనక సీటు నాదేనా అండీ?" అంది.

"ఇంకెవరిది?"

ఆదివారం చర్చి తొమ్మిదిన్నరకు. అంతకుముందే, వెలుగు రాకుండానే బయలుదేరాం. చదునులో ఆ సైకిలు ఎంత బాగుండేదో! రెండు చక్రాల మధ్య దూరం ఎక్కువ కాబట్టి రైలుపెట్టెలా తిన్నగా పోయేది. చేతులు వదిలేసినా పక్కకు పోదు. మలుపు తిరగాలంటే మాత్రం రోడ్డు మొత్తం కావాలి. ఆగుతూ పోతూ ఉన్నప్పుడు తాగినవాడిలా తూలేది. ఎత్తు వచ్చేసరికి అసలు సంగతి తెలిసేది. ముందున్న పళ్ల చక్రం పెద్దది, వేరే గేరు లేదు, ఇద్దరి బరువూ నా ఒక్కడి కాళ్ల మీదే.

మొదటిసారి ఎత్తు ఎక్కి ఆగినప్పుడు నా గుండె గొంతులో కొట్టుకుంటోంది. ఆమె దిగి, చెంగుతో ముఖం తుడుచుకుని, కింద మంచులో తేలుతున్న దీపాలను చూసింది.

"ఎక్కేశాం కదండీ! మనిద్దరం!"

చెప్పాల్సిన క్షణం అదే. ఆమె ముఖం చూసి చెప్పలేకపోయాను. అక్కడితో ఆగి ఉంటే అది ప్రేమ అని సర్దిచెప్పుకునేవాణ్ణి.

వారాలు గడిచాయి. ఒక రోజు ఎత్తు సగంలో నాకు ఊపిరి ఆడలేదు, కాలు దించేశాను. వెనక నుంచి "ఏమైందండీ?" అని అడిగింది. నా నోట్లోంచి వచ్చిన మాట ఇది: "నువ్వు సరిగ్గా తొక్కట్లేదు."

ఆమె కాళ్ల కింద ఏమీ లేదని తెలిసే అన్నాను. ఆయాసపడుతున్నది నేనని ఒప్పుకోవడం ఇష్టంలేక అన్నాను. ఒకసారి అన్నాక, తర్వాత అనడం తేలికైపోయింది. దిగుడులో ఫ్రేము మెలితిరిగి ఊగితే "కదలకుండా కూర్చో" అని కసిరేవాణ్ణి. ఊగుతున్నది నేను వద్దన్న పైపు లేని నడుము. ఆమె రాయిలా బిగుసుకుని కూర్చునేది. నా మడమలు చూస్తూ, నా కాలు లేచినప్పుడే తన కాలు లేపేది. ల్యాబు నుంచి వచ్చాక సాయంత్రాలు మా అపార్టుమెంటు మెట్లు నాలుగంతస్తులూ ఎక్కి దిగడం మొదలుపెట్టింది.

"ఎందుకిప్పుడు?" అన్నాను ఒకసారి.

"కాళ్లకు బలం రావాలి కదండీ. మీ ఒక్కరికే భారం అయిపోతోంది."

అప్పుడు కూడా చెప్పలేదు. లోపల కూర్చుని ఆ అడుగుల చప్పుడు వింటూ టీ తాగాను.

ఒక ఆదివారం ఎత్తులో ఫ్రేము కిర్రుమనడం మొదలైంది. తోసుకుంటూ వెల్డరు దగ్గరికి వెళ్లాం. అతని ఇల్లు షాపు వెనకే. పళ్లు తోముకుంటూ వచ్చి, సైకిలును, ఆమె చెమటను చూశాడు.

"అయ్యో అమ్మా, మీరు గిన్ని రోజుల సంది ఎన్క తొక్కుతున్నరా? గవి ఉత్త పెడళ్లు గదా! షూటింగుకు జేసినం. సార్‌కు ఎర్కే." నవ్వుతూ ఒక చేత్తో వెనక పెడల్‌ను తిప్పాడు. అది తిరిగింది. చక్రం కదల్లేదు.

ఆమె నా వైపు చూసింది. "మీకు తెలుసా?"

నేను చైను వంక చూశాను. వెల్డరు నవ్వు ఆపేసి, నోరు కడుక్కునే వంకతో లోపలికి పోయాడు. ఆమె ఆటో పిలిచి ఇంటికి వెళ్లింది. ఆ రోజు చర్చిలో నా పక్కనే కూర్చుంది, పాట పాడింది, పాటల పుస్తకం మాత్రం ఇద్దరి మధ్యా పట్టుకోలేదు.

పోట్లాడి ఉంటే బాగుండేది. అన్నం పెట్టింది, మాట్లాడింది, నవ్వింది కూడా. కానీ సాయంత్రం మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించలేదు. మర్నాడూ లేదు. వర్షాకాలమంతా ఆ మెట్లు నిశ్శబ్దంగా ఉన్నాయి. నేను ఆమె దగ్గర ఏం పోగొట్టుకున్నానో ఆ నిశ్శబ్దం రోజూ ఏడింటికి చెప్పేది.

చివరికి ఒకరాత్రి భోజనం దగ్గర చెప్పేశాను. తెలిసే చేశానని, తెలిసే నిందించానని. ఆమె మజ్జిగ పోసుకుంటూ, "మెట్లెక్కుతుంటే మోకాళ్లు నొప్పెట్టేవండీ," అంది. అంతే.

మర్నాడు సైకిలు తోసుకుని వెల్డరు దగ్గరికి వెళ్లాను. చూసి, "గీసారి కెమెరాకా సార్, అమ్మకా?" అన్నాడు. ఆ మాటకు నేను అర్హుణ్ణే.

ముందు నుంచి వెనక్కి ఏటవాలుగా పైపు వేశాడు. ఎడమ పక్కన చైను వేసి నాలుగు పెడళ్లనూ కలిపాడు. ముందు చిన్న పళ్ల చక్రం, వెనక గేర్లు బిగించాడు. ఇప్పుడు ఎత్తులో కాళ్లు ఎక్కువసార్లు తిరుగుతాయి, కానీ తిరుగుతాయి. ముదురు నీలం రంగు వేశాడు. ఇంటికి తెచ్చి మెట్ల కింద పెట్టాను. రెండు ఆదివారాలు ఆమె దాని పక్కనుంచే నడిచి వెళ్లింది. మూడో ఆదివారం ఆగి, చెప్పుకాలితో వెనక పెడల్ నొక్కింది. ముందు పెడల్ కదిలింది. ఇంకోసారి నొక్కి చూసింది.

"ముందు నేను కూర్చుంటాను," అంది.

వెల్డరు ముందు సీటు దించాడు. షేక్‌పేట వైపు ఒక ఖాళీ స్థలంలో నెల రోజులు నేర్చుకున్నాం. వెనక కూర్చుంటే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. వెనక హ్యాండిల్ తిరగదు, బ్రేకు ఉండదు, కళ్ల ముందు వీపు తప్ప ఏమీ కనబడదు. గుంట వచ్చిందని నడుముకు తగిలాకే తెలుస్తుంది. ఆమె మాత్రం అన్నీ చెప్పేది. "గుంట." "గేరు మారుస్తున్నా." "బ్రేకు." ముందు కూర్చున్న అన్ని వారాల్లో నేను ఒక్కటీ చెప్పలేదు.

ఆ తర్వాత మంచు పడుతున్న ఒక ఆదివారం మళ్లీ ఆ ఎత్తుకు వచ్చాం. పార్కు గోడ అవతల నెమళ్లు అరుస్తున్నాయి. కొత్త సినిమా హోర్డింగు మీద ముఖాలు సగం మబ్బులో ఉన్నాయి. సగం దాటాక నా తొడలు మంటెత్తాయి. ఒక్క చుట్టు కాళ్లలో బలం వదిలేశాను. పెడళ్లు ఆగలేదు. ఆమె బలం చైనులోంచి వచ్చి నా పాదాలను తిప్పుకుంటూ పోయింది.

"ఏమండీ, తొక్కడం ఆపారా?"

ఆమె వెనక్కి తిరగలేదు. నోటిదాకా 'లేదు' వచ్చింది.

"ఆపాను," అన్నాను. "కాళ్లు పట్టేశాయి."

"ముందే చెప్పొద్దూ? బ్రేకు వేస్తున్నా, ఎడమ కాలు దించండి."

రోడ్డు పక్కన నిలబడ్డాం. ఆమె నీళ్ల సీసా మూత తీసి నాకిచ్చింది. కింద యూసుఫ్‌గూడ దీపాలు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి.

"ఎక్కుదామా?"

"ఇంకో నిమిషం."

"సరే," అని హ్యాండిల్ పట్టుకుని నిలబడింది.