తేలికైన బుట్టలో దుప్పటి

పుట్టినప్పుడు ఆమెకి పెట్టిన పేరు ఇప్పుడు రింజని కొండ కిందున్న సెంబలున్‌లో ఎవరికీ గుర్తు లేదు. కూతురు రుమిసా పుట్టిన రోజు నుంచి ఆమె ఇనాక్ రుమిసా, అంటే రుమిసా వాళ్లమ్మ. మొగుడు అమాక్ రుమిసా, అంటే రుమిసా వాళ్ల నాన్న. ఆ ఊళ్లో బిడ్డ కళ్లు తెరిస్తే తల్లిదండ్రుల పేర్లు మరుగున పడిపోతాయి. మొగుడూ పెళ్లాలు కూడా ఒకరినొకరు ఆ పేర్లతోనే పిలుచుకుంటారు.

అమాక్ రుమిసా రింజని కొండ మీదికి కావడి మోసేవాడు. కొండ ఎక్కడానికి వచ్చే పరదేశీయుల గుడారాలు, వాళ్లు కూర్చునే మడత కుర్చీలు, బియ్యం, గుడ్లు, అనాసపళ్లు, గ్యాసు పొయ్యి, నీళ్లు, అన్నీ వెదురు బద్దకి రెండు కొసలా వేలాడే బుట్టల్లో పోవలసిందే. మోత అతనిదే గాని, మోత కట్టడం మాత్రం ఆమె పని. త్రాసు లేదు, తూకపు రాళ్లు లేవు. బుట్టలు నింపాక బద్ద నడిమధ్యన తన భుజం ఆనించి, మోకాళ్ల మీద బలం పెట్టి లేచేది. రెండు క్షణాలు కళ్లు మూసుకునేది.

"వెనకది ఒక గుడ్డు బరువు ఎక్కువుంది" అనేది.

"ఒక్క గుడ్డుకి నేనేం కూలిపోను" అనేవాడు అతను.

"ఇక్కడ గుడ్డే. మూడో మజిలీ దాటాక అదే కోడి అవుతుంది."

నిజమే. ఇంటి గుమ్మంలో తెలియని తేడా ఏడు గంటలు ఎక్కాక భుజం మీద పుండై కూర్చుంటుంది. దిగేటప్పుడు బరువైన బుట్ట మనిషిని ఒక పక్కకి లాగేస్తుంది. ఆమె కట్టిన మోత ఎన్నడూ అతన్ని అలా లాగలేదు. తోటి మోతగాళ్లు తమ కావళ్లు తెచ్చి, "ఇనాక్, ఒకసారి భుజం పెట్టి చూడు" అని అడిగేవాళ్లు.

ఆ ఊళ్లో మోత కట్టడానికి ఒక వరస ఉంది. ముందు పరదేశీయుల సామాను. తర్వాత వంట సామాను. అవన్నీ సర్దాక ఏ బుట్ట తేలికగా తేలితే ఆ బుట్టలోకి మోతగాడి సొంత సామాను పోతుంది. ఎక్కువ తేడా ఉంటే దుప్పటి, చొక్కా, ఉడకబెట్టిన కర్రపెండలం, కాఫీపొడి. కొంచెమే ఉంటే ఒక లుంగీ. తేడా ఎంతో మోతగాడి సుఖం అంత. ఎవరూ అలా అని పైకి అనుకోరు గాని, తాతల నాటి నుంచి అలాగే కడుతున్నారు.

పెళ్లైన కొత్తలో ఆమెకి ఈ వరస తెలియదు. తేలికైన బుట్ట అడుగున ఏటిరాయి ఒకటి పెట్టి సరిచేసింది. అతను దాన్ని కొండ అంచుదాకా మోసి, బుట్ట ఖాళీ చేస్తుంటే చూసుకుని, పారెయ్యకుండా మళ్లీ కిందికి మోసుకొచ్చాడు. గుమ్మంలో ఆమె ముందు పెట్టి నెమ్మదిగా అడిగాడు.

"కొండ మీద రాళ్లు తక్కువయ్యాయని నీకెవరు చెప్పారు?"

ఆమె సిగ్గుతో వంటింట్లోకి పోయింది. ఆ రాయి ఆ నాటి నుంచి గాలికి తలుపు కొట్టుకోకుండా అడ్డంగా ఉంది. ఇరవై రెండేళ్లూ ఆ రాయిని చూసి అతను ఏదో ఒక మాట అంటూనే ఉండేవాడు.

దుప్పటి ఆమె పెళ్లికి ముందు నేసింది. నేత రాని పిల్లకి పెళ్లేమిటి అంటారు వాళ్లలో. నడుముకి కట్టుకునే మగ్గం కాబట్టి, చేతులు ఎంత చాపితే గుడ్డ అంత వెడల్పు. అందుకని రెండు పట్టీలు నేసి, మధ్యలో ఎర్ర దారంతో కలిపి కుట్టింది. దళసరి దుప్పటి. బరువు కూడాను. తేడా బాగా ఉన్న రోజుల్లో దాన్ని తేలికైన బుట్టలో కుక్కి పంపేది. లేని రోజుల్లో లుంగీ.

పెళ్లైన ఇరవై రెండో ఏట, వెల్లుల్లి పీకే రోజులు. అతనికి ఒక జంటని అప్పజెప్పారు. రెండు గుడారాలు, రెండు కుర్చీలు, రెండు గ్యాసు డబ్బాలు, రెండు అనాసపళ్లు, నాలుగు నీళ్ల డబ్బాలు. బియ్యం కూడా రెండు మూటలుగానే ఇచ్చారు. ఆమె ఒకటి ముందు, ఒకటి వెనక సర్దుకుంటూ పోయింది. భుజం ఆనించి లేచింది. కళ్లు మూసుకుంది.

ఏ వైపూ వంగలేదు.

ఇన్నేళ్లలో ఏ సర్దుబాటూ లేకుండా అలా తేలడం అదే మొదలు. ఆమె కళ్లు తెరిచి, "ఏమయ్యా, ఇలా రా, చూడు" అని పిలిచింది. అతను బద్ద కింద వేలు ఒకటి పెట్టి ఎత్తి చూశాడు.

"భలే ఉందే. అయితే ఈసారి నాకేమీ లేనట్టేగా?"

"ఇంకా నీకేం కావాలి? ఎండలు కాస్తున్నాయి. రెండు రోజుల్లో దిగొచ్చేస్తావు."

"దుప్పటి?"

"దుప్పటి పెడితే వంగుతుంది. రెండో వైపు మళ్లీ రాయి పెట్టమంటావా?"

అతను తలుపు దగ్గర రాయి కేసి చూసి నవ్వాడు. "వద్దులే తల్లీ. అది మోసి మోసి అలిసిపోయి ఉంది, పడుకోనీ" అన్నాడు. ఒంటి మీద ఉన్న చొక్కా, మెడకి చుట్టుకున్న లుంగీ, కాళ్లకి హవాయి చెప్పులు. అంతే. కావడి ఎత్తుకుని వెల్లుల్లి మళ్ల గట్టు మీదుగా వెళ్లాడు. దుప్పటి దండెం మీద ఆరుతోంది. కావడి ఊగే తీరు చూసి ఆమె తన పనితనానికి తానే మురిసిపోతూ నిలబడింది. ఆ మురిపెం తలుచుకున్నప్పుడల్లా తర్వాత ఆమెకి ఒళ్లు జలదరించేది.

కొండ అంచున వాన కాని కాలంలో వాన పడింది. వానతోపాటు గాలి. పరదేశీయుల గుడారం పడిపోకుండా మోతగాళ్లు తాళ్లు పట్టుకుని కూర్చున్నారు. మూడో రోజు మధ్యాహ్నం అమాక్ సుర్ని అనే తోటి మోతగాడు ఒక భుజాన తన కావడి, ఇంకో భుజం మీద అమాక్ రుమిసా చెయ్యి వేసుకుని దించుకొచ్చాడు.

"నా దుప్పట్లో సగం కప్పుకోమన్నాను, ఇనాక్" అన్నాడు అమాక్ సుర్ని, ఆమె మొహం చూడలేక నేల చూస్తూ. "రాలేదు. నీ దుప్పటి నీ ఒక్క కాలికే చాలదు, అందులో సగమేమిటిరా అని నవ్వాడు. పళ్లు టకటకా కొట్టుకుంటున్నా నవ్వాడు."

ఆమె దండెం మీద ఉన్న దుప్పటి లాగి అతనికి కప్పింది. కింద ఊరి ఆసుపత్రికి తీసుకెళ్తే నెమ్ము చేసిందన్నారు, మందులిచ్చారు. ఆమె అల్లం కాచి పోసింది, అరికాళ్లు రుద్దింది. జ్వరం దిగలేదు. నాలుగో రోజు పొద్దున కాస్త తెలివొచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"మోత భలే కుదిరింది, ఇనాక్. భుజం నొప్పే తెలియలేదు. ఎప్పుడూ అలాగే కట్టు."

ఐదో రోజు పోయాడు.

తొమ్మిదో నాడు కర్మ. ప్రార్థన చేసిన పెద్దకి పోయినవాడి వస్తువులు ఇచ్చెయ్యాలి. చొక్కాలు, లుంగీలు, కత్తి, చెప్పులు చాప మీద పరిచారు. దుప్పటి ఏదని ఎవరో అడిగితే, ఎలక కొట్టిందని అబద్ధం చెప్పింది. అది బియ్యం గాదె వెనక ఉంది. అతని వాసన అందులోనే మిగిలింది. ఉతకలేదు. బద్దని మాత్రం ఇవ్వనివ్వలేదు రుమిసా. ఇంట్లో ఇంకొకరు మోస్తారు, ఉండనీ అంది.

ఆ తర్వాత ఆమె కావడి జోలికి పోలేదు. ఎవరు వచ్చి భుజం పెట్టమన్నా, "నడుం పట్టేసింది నాయనా" అని వెల్లుల్లి వొలుచుకుంటూ కూర్చునేది. జనం ఊరుకుంటారా. మొగుడు పోతే ఒడుపు కూడా పోతుందా అన్నారు. ఆమె వినిపించుకోలేదు.

ఒక మధ్యాహ్నం దుప్పటికి పురుగు పడుతుందేమోనని తీసి ఎండలో పరిచింది. పక్కన కూర్చుని కోళ్లని అదిలిస్తోంది. చూస్తూ చూస్తూ ఉండగా మధ్యలో ఎర్ర కుట్టు కనిపించింది. ఎన్నేళ్లుగానో ఉన్న కుట్టే. తన చేత్తో వేసుకున్నదే. ఆ కుట్టు విప్పితే రెండు పట్టీలు. రెండూ ఒకే మగ్గం మీద ఒకే కొలతకి నేసినవి. ముందు బుట్టలో ఒకటి, వెనక బుట్టలో ఒకటి.

ఏ వైపూ వంగేది కాదు.

కోళ్లు దుప్పటి మీదికి ఎక్కి తొక్కుతున్నా అదిలించలేదు. ఈ మాట ఎవరికీ చెప్పలేదు. చెబితే, "రాత అలా ఉంది ఇనాక్, నీ తప్పేముంది" అంటారు. అలా అనడం ఆమెకి అక్కర్లేదు.

రెండేళ్లకి రుమిసాకి పెళ్లైంది. అల్లుడు కెర్తావలి వీళ్లింటికొచ్చి అదే బద్ద ఎత్తుకున్నాడు. రుమిసా మోత కడుతుంది. కట్టిన ప్రతిసారీ వాడు కుడి భుజం వాచి దిగొస్తాడు.

"చూడు ఇనాక్, నీ కూతురు నన్ను పడవలా ఒరగేసి పంపిస్తోంది" అనేవాడు.

"పడవకి తెడ్డు వెయ్యడం రాకపోతే కట్టినవాళ్లదా తప్పు?" అనేది రుమిసా.

"అమ్మా, నువ్వొక్కసారి చెయ్యి వేస్తే ఏం పోయింది?" అని అడిగేది. తల్లి లేచి నీళ్లకి పోయేది.

మళ్లీ వెల్లుల్లి పీకే రోజులు వచ్చాయి. ఆ పొద్దున ఆమె గుమ్మంలో గడ్డలు కట్టలు కడుతోంది. వాకిట్లో రుమిసా మోత కడుతోంది. కాసేపటికి కేక వినిపించింది.

"అమ్మా, సమంగా వచ్చింది. చూడు, వంగలేదు. అన్నీ రెండేసి ఇచ్చారు. వేరే ఏమీ పెట్టక్కర్లేదు."

ఇనాక్ రుమిసా తల ఎత్తింది. రుమిసా భుజం మీద బద్ద ఏ వైపూ ఒరగకుండా నిలిచి ఉంది. కూతురి మొహంలో అదే మురిపెం. కెర్తావలి లుంగీ, కోటు, చిన్న కంబళీ మెట్టు మీద కుప్పగా పడి ఉన్నాయి, మిగిలిపోయినట్టు.

ఆమె లేచి వచ్చింది. రెండు బుట్టలూ నేల మీద బోర్లించింది.

"అమ్మా, నీకేమైనా పిచ్చా? గంట పట్టింది నాకు."

"మోసే మనిషి సామాను ముందు పెట్టు" అంది ఆమె. "మిగతావి తర్వాత."

"అలా ఎవరు కడతారు? ముందు వాళ్లవి కదా..."

"తెలుసు. ఇరవై రెండేళ్లు అలాగే కట్టాను."

తల్లి లోపలికి పోయి గాదె వెనక నుంచి దుప్పటి తెచ్చింది. ఎలక కొట్టిందన్న దుప్పటిని చూసి కూతురు కళ్లు పెద్దవయ్యాయి. వెల్లుల్లి కోసే కత్తి మొనతో ఆమె ఎర్ర కుట్టు ఒక్కొక్కటీ తెంపింది. మొన జారి రెండు చోట్ల గుడ్డ గీసుకుంది. తర్వాత ఆ పట్టీల అంచులకి గట్టిదారంతో నాలుగేసి ముడితాళ్లు కుట్టింది. కెర్తావలి పక్కన గొంతుక్కూర్చుని చూస్తున్నాడు.

"పైకి వెళ్లాక ఈ తాళ్లు ముడేసుకో. ఒకటే దుప్పటి అవుతుంది."

"బరువు పెరుగుతుంది కదా ఇనాక్. ఏం తీస్తావ్?"

"ఈ కుర్చీలు తీసెయ్."

"అయ్యో, కుర్చీలు లేకపోతే ఆ పరదేశీయులు ఎక్కడ కూర్చుంటారు?"

"అంత కొండ ఉందిగా కూర్చోడానికి."

వాడు నవ్వాడు. ఆమె నవ్వలేదు. కుర్చీలు తియ్యడం తమ చేతుల్లో లేదని ఆమెకీ తెలుసు. రెండు అనాసపళ్లు తీసి రుమిసా ఒళ్లో పెట్టింది. "కుళ్లిపోయాయని చెప్పు" అంది. ఆ ఇంట్లో ఆమె చెప్పిన మూడో అబద్ధం అది. ముందు బుట్ట అడుగున ఒక పట్టీ, వెనక బుట్ట అడుగున ఒక పట్టీ. వాటి మీద వాడి బట్టలు చెరి సగం. ఆ పైన లోకంలో ఉన్న మిగతా సామానంతా. మూడేళ్ల తర్వాత బద్ద కింద భుజం పెట్టి లేచింది. కళ్లు మూసుకుంది.

"అమ్మా?" అంది రుమిసా.

ఆమె వెంటనే దించలేదు. అలా మోస్తూనే నిలబడింది. కెర్తావలి వచ్చి బద్ద మీద చెయ్యి వేసి మెల్లిగా తన భుజానికి తీసుకున్నాడు.

నాలుగో రోజు వాడు ఈల వేసుకుంటూ దిగొచ్చాడు. పైన చలి గట్టిగానే ఉందట, హాయిగా పడుకున్నాడట. పట్టీలు రెండూ మడిచి ఆమె చేతికిచ్చాడు. వాడు అటు తిరిగాక ఆమె వాటిని మొహానికి ఆనించుకుంది. పొయ్యి పొగ, వేపిన మిరపకాయల ఘాటు, కెర్తావలి లవంగం సిగరెట్టు. రెండో పట్టీ కూడా చూసింది. అందులోనూ అవే.

అతను పోయాక తొలిసారి వాటిని బావి దగ్గర ఉతికింది. దండెం మీద దేనికది ఆరేసింది. కుట్టు ఉన్న చోట రెండు అంచులూ ఎండ తగలక రంగు వాడకుండా, నేసిన రోజున ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి.

రుమిసా వచ్చి పక్కన నిలబడింది. తలుపు దగ్గర రాయి కేసి, తల్లి కేసి చూసింది.

"ఎర్ర దారం ఉంది, మళ్లీ కలిపి కుట్టనా అమ్మా?"

"వద్దు" అంది ఇనాక్ రుమిసా, పట్టీ ముడతలు అరచేత్తో సాపు చేస్తూ. "బుధవారం మళ్లీ వెళ్లాలిగా."