వాసన తగిలిన పొంగలి

చిత్తూరులో మా వీధి భజన మందిరంలో ప్రతి శనివారం పారాయణం జరుగుతుంది. ముందు పీట మీద ఒకరు నామం ఎత్తుకుంటే వెనక అందరూ అందుకుంటారు. చాలా ఏళ్ళు ఆ పీట మీద కూర్చున్నది నేనే. సైనస్ ముదిరి రెండు ముక్కురంధ్రాలూ మూసుకుపోయాక, నా మాటంతా ముక్కుతోనే వచ్చేది. కనుబొమల మధ్య మేకు దిగగొట్టినట్టు నొప్పి. వాసనలు తెలియడం పూర్తిగా పోయింది.

మా భజన గోష్ఠి పెద్ద ఒకరోజు అందరి ముందే అన్నాడు: "ఏమప్పా, స్వామి చెవులు ఏం పాపం చేసినాయి? నువ్వు వంటింట్లోకి పో. నైవేద్యం పెట్టకముందు వాసన సూడకూడదు. నీకు ఆ బాధే లేదు గదా! ముక్కు పోయినోడికి పుణ్యం దక్కుతాది."

అందరూ నవ్వారు. ఆ రోజు నుంచి ఆయన నా పీట ఎక్కాడు, నేను పొంగలి వండాను. క్షమ గొప్పదని చిన్నప్పటి నుంచి విన్నవాణ్ణే. కానీ స్తంభం చీల్చుకుని వచ్చిన స్వామిని కూడా కొలుస్తాను. ఆ రోజుల్లో నాకు ఆ స్వామే గుర్తొచ్చేవాడు.

తిరుపతిలో ఆపరేషన్ చేయించుకున్నాను. ముక్కులోంచే కెమెరా ఉన్న సన్నటి గొట్టం పంపి చేశారు, బయట కోత లేదు. కొన్ని వారాలు ఉప్పునీళ్ళతో ముక్కు కడుక్కుంటే గడ్డకట్టిన నెత్తురు పెచ్చులుగా ఊడివచ్చింది. ముందు తలనొప్పి తగ్గింది. తర్వాత నోరు మూసుకుని నిద్రపోగలిగాను. వాసనలు అన్నిటికంటే ఆలస్యంగా వచ్చాయి. ఒక ఉదయం తీర్థం నోటి దగ్గరికి తెస్తే పచ్చకర్పూరం తెలిసింది. కళ్ళు మూసుకుని దండం పెట్టుకున్నాను. ఆ వెంటనే గోష్ఠి పెద్ద మొహం కళ్ళముందు నిలిచింది.

ఆ శనివారం మందిరానికి వెళ్ళేసరికి ఆయన తువ్వాలుతో ముక్కు తుడుచుకుంటున్నాడు. పలమనేరులో పెళ్ళికి పోయి జలుబు తెచ్చుకున్నాడట.

"స్వామీ, నాకు వాసన వచ్చేసింది. ఇంక వంటింట్లో ఉంటే నాకే పాపం. ఈ పొద్దు మీకు ఆ బాధ లేదు గదా," అన్నాను.

"ఉత్త జలుబప్పా, రెండు దినాల్లో పోతాది."

"పోయేదాకా పుణ్యం మీదే."

ఈసారి ఆయన్ని చూసి నవ్వారు. గరిటె ఆయన చేతిలో పెట్టి పీట మీద కూర్చున్నాను.

నా గొంతు ఎక్కడా తడబడలేదు. పారాయణం సగంలో ఉండగా మాడువాసన వచ్చింది. లేచి వెళ్ళి చూస్తే, ఆయన పొయ్యి పక్కనే కూర్చుని ఉన్నాడు. ఆయనకేమీ తెలియలేదు.

"అడుగంటింది, స్వామీ."

"పైపైన తీసి పెట్టేద్దాంలే. ఎవరికి తెలుస్తాది?"

ఆయన కళ్ళముందే గిన్నె మీదికి వంగి, గుండె నిండా పీల్చాను.

"వాసన సూసినాను. ఇంక నైవేద్యానికి పనికిరాదు. మీరు చెప్పిందే గదా! మళ్ళీ ఎసరు పెట్టండి."

ఆయన బియ్యం కడగడం మొదలుపెట్టాడు. నైవేద్యం అయ్యేదాకా పారాయణం ఆపకూడదని జనానికి చెప్పి, మొదటి నామం నుంచి మళ్ళీ ఎత్తుకున్నాను. వంటింటి వైపు తిరిగి, బిగ్గరగా.