సబ్బుతో వచ్చేసే ఉంగరం

కందిరీగ కుట్టి వేలు వాచిపోతున్నా నా భార్య పెళ్ళి ఉంగరం తియ్యనని మొండికేసిందని మా ఇంట్లో ఒక వేళాకోళం ఉంది. ఏ భోజనాల దగ్గర కూర్చున్నా మా తమ్ముడు ఆ కబురు ఎత్తుకుంటాడు. నిజానికి తియ్యొద్దన్నది నేను. ఇన్నేళ్లూ ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

పెళ్ళయిన మొదటి వేసవి. ముసునూరు దగ్గర మా తోటలో మామిడి కోతలు జరుగుతున్నాయి. కింది కొమ్మకున్న గూడు ఆమె చూసుకోలేదు. కందిరీగ సరిగ్గా ఉంగరం పక్కనే కుట్టింది.

"వాపు రాకముందే సబ్బు రాసి తీసేద్దామండీ," అంది.

అది మా అమ్మ ఉంగరం. పెళ్ళిరోజు చర్చికి బయల్దేరేముందు నా చేతికిస్తూ, "ఇది ఆ పిల్ల వేలు దిగకూడదు" అంది. నాకు అదే గుర్తొచ్చింది.

"కందిరీగే కదా, సున్నం రాస్తే తగ్గిపోద్ది. ఉంగరం జోలికెళ్ళకు," అని సున్నం పూసి, కాయలెత్తే లారీ దగ్గరికి వెళ్ళిపోయాను. తిరిగొచ్చేసరికి ఉంగరం కండలో కూరుకుపోయింది. వేలు కమిలిపోయింది. నూజివీడులో కంసాలి దాన్ని కత్తిరిస్తున్నంతసేపూ ఆమె నా వైపు చూడలేదు. ఆ వేలు ఈనాటికీ పూర్తిగా ముడుచుకోదు.

తెగిన ఉంగరం చూసి అమ్మ, "ముందే తియ్యకపోయారేంట్రా? వేలికంటే ఎక్కువా?" అంది.

ఆ మాట నేను ఊహించలేదు. "తియ్యనివ్వలేదమ్మా. చెప్తే వినదు," అన్నాను.

నా భార్య గుమ్మంలోనే ఉంది. నా మాట కాదనకుండా లోపలికి వెళ్ళిపోయింది. క్షమించేసిందనుకున్నాను. అలా అనుకోవడం నాకు సులువు. అమ్మ నా మాటే నిజమనుకుని పోయింది.

మొన్న వేసవిలో అందరం తోటలో ఉండగా తమ్ముడి కొత్త కోడలి చేతిని కందిరీగ కుట్టింది.

"అమ్మాయ్, మీ పెద్దత్తయ్యలా ఉంగరం పట్టుకు కూర్చోకు," అన్నాడు తమ్ముడు. "ఆవిడకి వేలు పోయినా పర్లేదు, బంగారం ఉండాలి."

అందరూ నవ్వారు. ఆ పిల్ల మాత్రం బెదురుగా నా భార్యను అడిగింది. "తియ్యొచ్చా అత్తయ్యా?"

"తియ్యమ్మా. ఎవర్నీ అడక్కు."

నా భార్యే సబ్బు నురగ రాసి తిప్పేసరికి ఉంగరం జారి వచ్చేసింది. కుట్టినచోట కడిగి, తువ్వాల్లో చుట్టిన ఐసు పెట్టింది. "చెయ్యి పైకెత్తి పట్టుకో. సున్నం గిన్నం వద్దు. ఊపిరాడనట్టుంటే మాత్రం వెంటనే చెప్పు, ఆస్పత్రికెళ్దాం."

ఎవర్నీ అడక్కు. ఆ రోజు ఆమె అడిగింది నన్ను.

"ఒరేయ్," అన్నాను తమ్ముడితో. "ఆ రోజు తీసేద్దామన్నది మీ వదినే. వద్దన్నది నేను. అమ్మకి జడిసి అబద్ధం చెప్పాను."

వాడి మొహం మాడిపోయింది. "ఇన్నాళ్లూ నా చేత అనిపించావా అన్నయ్యా?"

నా భార్య తల వంచుకుని ఐసు సర్దుతూనే ఉంది. వాళ్లందరి ముందే ఆమెతో అన్నాను.

"తప్పు నాది. నీ వేలికీ, నీ మీద వేసిన ఆ మాటకీ, రెండిటికీ నన్ను క్షమించు."