కొత్త బ్రేకులకు నువ్వుల నూనె

మా ముత్తాత పాత చెన్నపట్నంలో బట్టల టోకు వర్తకుడు. ఆయన కొట్లోకి తోటి వ్యాపారులు కూడా చెప్పులు విడిచి వచ్చేవారట. మా తాతకు మూడు కార్లు, ముగ్గురు డ్రైవర్లు. నాకు దక్కింది ఒక పాత ఫోర్ వీల్ డ్రైవ్ జీపు, తాత బంగళా నుంచి ఊడదీసి తెచ్చి మా వాకిటికి పెట్టుకున్న ఇనుప గేటు. వచ్చినవాళ్లందరికీ ముందు ఆ గేటే చూపించేవాణ్ణి.

వీధి చివరి మెకానిక్ నన్ను 'సార్' అనకుండా 'అన్నా' అని పిలిచాడని, జీపు ముందు చక్రాల బ్రేకు ప్యాడ్లు ఇంట్లో నేనే మార్చాను. ఇంటికొచ్చిన కొత్త ఇనుముకు నువ్వుల నూనె రాసి బొట్టు పెట్టడం మా ఆచారం. ప్యాడ్లు డిస్కును పట్టుకునే వైపే నిండుగా రాసి బిగించాను.

"బ్రేకుకు నూనె ఏందండీ, జారిపోదా?" అంది నా భార్య.

"మా తాతల కాలం నుంచి ఇంతే."

"మీ తాత ఎప్పుడన్నా కారు తోలినాడా?"

దానికి జవాబివ్వడం నా స్థాయికి తగదని జీపెక్కి, వాకిట్లో ముందుకు పోనిచ్చి బ్రేకు తొక్కాను. జీపు ఆగలేదు. నేరుగా పోయి గేటును గుద్దింది.

"ఆచారం బాగా పట్టిందండీ," అంది ఆవిడ.

వంకరపోయిన గేటును పాత ఇనుము కొనేవాడికి తూకానికి అమ్మేశాం.